ఒకే ఎండ, ఒకే సాధన: ఒక అమ్మాయికి వేడి అలవాటైంది, మరో అమ్మాయికి ఎందుకు కాలేదు?

చెన్నై శిక్షకుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో, పెరంబూరు వైపు ఒక చిన్న మైదానంలో, మధ్యదూరం పరుగుల పిల్లలకు పదకొండేళ్లుగా శిక్షణ ఇస్తున్నాను. మా దగ్గరకు వచ్చే పిల్లల్లో సగం మంది ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాలవారు. మిగిలినవారు చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి చదువు కోసం వచ్చి హాస్టళ్లలో ఉంటున్నవారు. మే చివరి వారంలో, అంటే కర్తరి ఇంకా పూర్తిగా దిగని రోజుల్లో, వీళ్లు 5,000 మీటర్ల పోటీలో పరిగెత్తాలి. పోటీ ఉదయం తొమ్మిది గంటలకని చెప్పారు.

ఇన్నేళ్లూ మేము తెల్లవారుజామున ఐదింటికే సాధన మొదలుపెట్టి, ఎండ ఎక్కేలోపే ఇళ్లకు చేరుకునేవాళ్లం. ఈసారి పోటీ వేళకు శరీరం సిద్ధంగా ఉండాలన్న ఉద్దేశంతో, ఏప్రిల్ రెండో వారం నుంచి వరుసగా 14 రోజులు, ఉదయం ఎనిమిది నుంచి ఎనిమిది ముప్పావు వరకు, కిలోమీటరుకు ఐదున్నర నిమిషాల చొప్పున అందరినీ ఒకే గుంపుగా పరిగెత్తించాను. ఆ వేళకు మా మైదానంలో నీడలోనే 31, 32 డిగ్రీలు ఉంటుంది, గాలిలో తేమ 70 శాతం దాటుతుంది. పరుగు ఆఖరి ఐదు నిమిషాల్లో ఛాతీ బెల్టు చూపించిన గుండె వేగాన్ని రోజూ నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

ఇద్దరు అమ్మాయిల అంకెలు నన్ను ఆలోచనలో పడేశాయి. పెరంబూరులోనే పుట్టి పెరిగిన అమ్మాయి, 46 కిలోల మనిషి, మొదటి రోజు నిమిషానికి 179 దగ్గర ముగించింది. ఐదో రోజుకు 170, పదో రోజుకు 163, పద్నాలుగో రోజుకు 161. మదనపల్లె నుంచి వచ్చిన అమ్మాయి, 57 కిలోలు, మొదటి రోజు 173 దగ్గర ముగించింది. ఐదో రోజుకు 169కి తగ్గింది కాని, పదో రోజు 171, పద్నాలుగో రోజు 174. పైగా పన్నెండో రోజు ముప్పై అయిదో నిమిషంలో ఆగిపోయి, ఒళ్లు జలదరిస్తోందనీ తల దిమ్ముగా ఉందనీ చెప్పింది. చెయ్యి పట్టుకుని చూస్తే అంత ఎండలోనూ రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. వెంటనే నీడకు చేర్చి, తల మీదా మెడ మీదా చన్నీళ్లు పోశాము. అరగంటలో తేరుకుంది.

నిజానికి ఇద్దరిలో బలమైన పరుగు ఈ మదనపల్లె అమ్మాయిదే. చల్లటి వేళలో పరిగెత్తితే 5,000 మీటర్లలో పెరంబూరు అమ్మాయి కంటే నలభై సెకన్లు ముందుంటుంది. చెమట కూడా ఆమెకే ఎక్కువ. పరుగు మధ్యలో నుదుటి నుంచి గడ్డం దాకా ధారలు కడుతుంది. పెరంబూరు అమ్మాయికి అంత చెమట పట్టదు. చెమట బాగా పట్టేవారికే ఒళ్లు త్వరగా చల్లబడాలి కదా అన్నది నా సందేహం.

తోటి శిక్షకులు ఒకరు, "అది చల్లటి ఊరి పిల్ల, ఎండ పడదు, జట్టులోంచి తీసేయండి" అంటున్నారు. రెండు వారాల అంకెలు చూసి ఒక పిల్లను అలా పక్కన పెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు. వేడికి అసలే అలవాటుపడని శరీరాలు ఉంటాయా? ఇంకో వారం ఇదే సాధన పొడిగించాలా, లేక ఆపాలా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

క్రీడా వైద్యుడు, బెంగళూరు

శిక్షకుడు గారికి నమస్కారం. మీరు రోజూ అంకెలు రాసి పెట్టబట్టే ఈ ప్రశ్నకు ఊహతో కాకుండా ఆధారంతో జవాబు వెతకగలుగుతున్నాం. ముందుగా ఒక్క మాట: పన్నెండో రోజు కనిపించిన ఆ జలదరింపు వేడి అలసటకు ముందస్తు హెచ్చరిక. కాబట్టి మిగతా సంగతి తేలేవరకు ఆ అమ్మాయిని ఎనిమిది గంటల ఎండలో పరిగెత్తించకండి. పొడిగించాలా అన్న ప్రశ్నకు ఈరోజుకు నా జవాబు అదే.

వేడికి శరీరం అలవాటుపడటంలో ఒక వరుస ఉంటుంది. మొదటి మూడు నుంచి ఆరు రోజుల్లో రక్తంలోని ద్రవ భాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది, దానివల్ల అదే పరుగుకు గుండె వేగం తగ్గుతుంది. ఆ తరువాత చెమట త్వరగా మొదలవడం, ఎక్కువగా పట్టడం, చెమటలో ఉప్పు తగ్గడం వస్తాయి. ఇవి నిలదొక్కుకోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మీ పెరంబూరు అమ్మాయి అంకెలు ఈ వరుసలోనే దిగాయి. మదనపల్లె అమ్మాయి అంకెలలో నేను ముఖ్యంగా గమనించింది ఐదో రోజు. ఆ రోజుకు 173 నుంచి 169కి తగ్గిందంటే మొదటి మెట్టు ఆమె శరీరం కూడా ఎక్కింది. తరువాత ఎక్కడో ఏదో అడ్డుపడింది. పుట్టుకతోనే వేడి పడని శరీరమైతే మొదటి మెట్టు దగ్గరే తడబడేదని నా అభిప్రాయం. అయితే గుండె వేగం నిద్రను బట్టి, తాగిన నీళ్లను బట్టి రోజుకు ఐదారు అటూ ఇటూ అవుతుంది కనుక ఒక్కరోజు అంకె మీద మరీ బరువు వేయకూడదు.

ఇక మీరు "ఒకే సాధన" అన్నారు. గడియారానికీ ట్రాక్‌కూ అది ఒకటే, ఆ రెండు శరీరాలకు ఒకటి కాదు. పరుగులో మనం ఖర్చు చేసే శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగానే మారుతుంది. ఒకే వేగంతో పరిగెత్తినప్పుడు 57 కిలోల శరీరంలో 46 కిలోల శరీరం కంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ వేడి పుడుతుంది, కాని ఆ వేడిని బయటకు పంపవలసిన చర్మం అదే నిష్పత్తిలో పెరగదు. పొడి గాలి ఉన్న చోట చెమట ఆరి ఈ లోటును కొంత పూడుస్తుంది. చెన్నై ఉక్కపోతలో పూడ్చదు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది, నేల మీద కారిపోయిన చుక్క మాత్రం ఏమీ తీసుకుపోదు. ధారలు కడుతున్నదంటే ఆ చెమట ఆరడం లేదని అర్థం. ధారను చూసి ఒళ్లు చల్లబడుతోందని అనుకోవడం మైదానాలలో ఎక్కువమంది చేసే పొరపాటు.

తక్కువ చెమట గురించి కూడా చెప్పాలి. ఉష్ణమండలంలో పుట్టి పెరిగినవారిలో చెమట కాస్త ఆలస్యంగా మొదలై, పొదుపుగా పట్టడం శాస్త్రజ్ఞులు ఎన్నోసార్లు గమనించారు. చర్మానికి రక్తాన్ని పంపి వేడిని వదిలించుకోవడంలో వారి శరీరం ఆరితేరి ఉంటుంది. చెమట గ్రంథుల్లో ఎన్ని పనిచేయాలన్నది పసితనంలోనే, ఆ బిడ్డ పెరిగిన వాతావరణాన్ని బట్టి స్థిరపడుతుందని జపాను శాస్త్రవేత్త యాస్ కునో చాలాకాలం క్రితమే చూపించారు. అందుచేత పెరంబూరు అమ్మాయికి తక్కువ చెమట పట్టడం లోపమేమీ కాదు. మనిషికీ మనిషికీ మధ్య తేడా ఎంతదాకా పోతుందో చూడాలంటే 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ మారథానుకు సిద్ధమైన అమెరికా పరుగువీరుడు ఆల్బెర్టో సలజార్ మంచి ఉదాహరణ. శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో వేడికి అలవాటుపడ్డ ఆయనకు గంటకు దాదాపు 3.7 లీటర్ల చెమట పట్టేది. సాధారణంగా పరుగువీరులకు గంటకు ఒకటి, ఒకటిన్నర లీటర్లు పడుతుంది. అంతటి చెమట ఉన్నా ఆయన ఆ పోటీలో పదిహేనో స్థానంలో ముగించారు.

మరో కారణం సాధన పద్ధతిలోనే ఉంది. వేగం మారకుండా రోజూ ఒకే పరుగు పెడితే, అలవాటుపడిన శరీరానికి పదో రోజుకు అది తేలిక పని అయిపోతుంది. అలవాటుపడని శరీరానికి పదో రోజు కూడా మొదటి రోజులాగే గడుస్తుంది. ప్రయోగశాలల్లో అయితే లోపలి ఉష్ణోగ్రతను 38.5 డిగ్రీల దగ్గర నిలిపి, దానికి తగినట్టు శ్రమను పెంచుతూ తగ్గిస్తూ పోతారు. మీరు దాన్ని కొలవలేరు కనుక వేగానికి బదులు గుండె వేగాన్ని స్థిరంగా ఉంచండి. ఉదాహరణకు ఇద్దరినీ 155 దగ్గర పరిగెత్తించి, ఆ వేగంతో ముప్పావు గంటలో ఎంత దూరం వెళ్లారో రాయండి. అలవాటుపడుతున్నకొద్దీ దూరం పెరుగుతుంది. ఎవరి మోతాదు వారికి దక్కుతుంది, ఎవరూ గుంపును అందుకోవడానికి ఒళ్లు హూనం చేసుకోరు.

అయితే ఐదో రోజు తరువాత ఏం అడ్డుపడిందన్నది తేలాలంటే నాకు కొన్ని వివరాలు కావాలి. ఆ అమ్మాయి రాత్రి ఎంతసేపు నిద్రపోతోంది? హాస్టల్లో ఏసీ ఉందా? జలుబుకో దురదకో ఏవైనా మాత్రలు వేసుకుంటోందా? అలర్జీ మాత్రల్లో పాతరకం కొన్ని చెమటను తగ్గిస్తాయి. పరుగుకు ముందు, తరువాత ఇద్దరి బరువు ఎంత? అన్నిటికంటే ముఖ్యంగా, ముఖం నుంచి ధారలు కారుతున్నప్పుడు వీపు మీద బనియను తడుస్తోందా? దయచేసి చూసి చెప్పండి.

లాల్‌బాగ్ పరుగరి

పై జవాబుకు నా అనుభవం ఒకటి జోడించాలనిపించింది. నేను బెంగళూరులో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మా ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉండటం వల్ల ఏప్రిల్‌లో కూడా తెల్లవారుజామున హాయిగా పరిగెత్తవచ్చు. కొన్నేళ్ల క్రితం ఆఫీసు పని మీద మూడు నెలలు చెన్నైలో ఉండవలసి వచ్చింది. మా ఆఫీసులోనే పనిచేసే మా బావమరిది కూడా నాతో వచ్చాడు. ఇద్దరం దాదాపు ఒకే బరువు, ఒకే వేగం, ఒకే ఇంట్లో ఒకే తిండి. రోజూ బీసెంట్ నగర్ బీచి రోడ్డు మీద కలిసి పరిగెత్తేవాళ్లం.

వాడు ఎనిమిది రోజుల్లో కుదుటపడ్డాడు. నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నేను చేసిన తప్పు వాడిని చూసి నడుచుకోవడం. వాడు గంట పరుగుకు ఒక గ్లాసు నీళ్లు తాగితే నేనూ ఒక గ్లాసే తాగాను. చివరికి ఒకరోజు వంటింట్లోని తూకం మీద బియ్యం బస్తా తూచినట్టు పరుగుకు ముందూ తరువాతా మమ్మల్ని మేము తూచుకున్నాం. వాడు గంటలో 800 గ్రాములు తగ్గాడు, నేను కిలో తొమ్మిది వందల గ్రాములు తగ్గాను. నా నల్లటి బనియను ఆరాక చూస్తే చంకల నుంచి నడుము దాకా తెల్లటి ఉప్పు చారలు గీతలు గీతలుగా ఉన్నాయి, వాడి బనియను మీద ఒక్క చార కూడా లేదు. లీటరు చెమటలో ఉప్పు ఒక మనిషికీ మరో మనిషికీ మధ్య ఎన్నో రెట్లు మారుతుందని తరువాత తెలుసుకున్నాను. అప్పటి నుంచి ఉప్పు వేసిన మజ్జిగ పెద్ద చెంబుతో తాగడం మొదలుపెట్టాక నాకు రెండో పూట తలనొప్పి తగ్గింది. ఇందులో ఒక జాగ్రత్త చెప్పాలి: తగ్గిన బరువు కంటే ఎక్కువ నీళ్లు, అందులోనూ ఉప్పు లేని నీళ్లు, బలవంతాన తాగడం ప్రమాదం. రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదకు వస్తుంది.

బెంగళూరు తిరిగి వచ్చాక అలవాటు ఎంత వేగంగా కరిగిపోతుందో కూడా చూశాను. రోజుకు సుమారు రెండున్నర శాతం చొప్పున పోతుందని చదివాను, నా అనుభవం కూడా దానికి దగ్గరగానే ఉంది. నెల తరువాత మళ్లీ చెన్నై వెళ్తే ఈసారి ఐదు రోజుల్లోనే కుదుటపడ్డాను. ఒకసారి నేర్చుకున్న శరీరం రెండోసారి త్వరగా అందుకుంటుంది. కాబట్టి శిక్షకుడు గారూ, ఆ అమ్మాయి ఈ వేసవిలో కొంత వెనకబడినా ఈ శ్రమ వృథా అయిందని అనుకోకండి.

వ్యాయామ ఉపాధ్యాయిని, ఆవడి

శిక్షకుడు గారూ, నేను ఇరవై ఏళ్లుగా ఆడపిల్లలకు ఆటలు నేర్పుతున్నాను, ఒకప్పుడు 1,500 మీటర్లు పరిగెత్తినదాన్ని. ఇక్కడ ఇంతవరకు ఎవరూ అడగని సంగతి ఒకటి ఉంది. ఆ 14 రోజులు ఆ ఇద్దరికీ నెలసరి చక్రంలో ఏ రోజులు? అండం విడుదలైన తరువాత రెండు వారాలు శరీర ఉష్ణోగ్రత సహజంగానే 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉంటుంది, చెమట మొదలు కావడానికి శరీరం మరికాస్త వేడెక్కాలి. మొదటి వారం చక్రం తొలి సగంలో, రెండో వారం మలి సగంలో పడితే, ఐదో రోజు తగ్గిన గుండె వేగం పదో రోజుకు మళ్లీ పెరగడంలో వింత లేదు. అలాగే పురుషులకు ఐదు రోజుల్లో వచ్చే మార్పు స్త్రీలకు రావడానికి పది రోజులదాకా పట్టినట్టు పరిశోధనల్లో చూశారు. వేడి సాధన ప్రణాళికలు చాలావరకు మగవారి మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవే కావడం వల్ల, ఆ లెక్క ప్రకారం తూచి ఆడపిల్లలను "ఆలస్యం" అనేస్తుంటారు. ఇది నన్ను ఎప్పటి నుంచో బాధించే విషయం.

ఇంకొకటి. ఈ వయసు పిల్లలు ఇలాంటి విషయాలు సార్‌తో చెప్పరు. వీపు మీద ఏముందో, ఏ మాత్ర వేసుకుందో, ఏ రోజు నెలసరి వచ్చిందో అడగడానికి ఇంట్లో అమ్మనో, మీ మైదానంలో పెద్ద అమ్మాయినో, హాస్టల్ వార్డెనమ్మనో కూర్చోబెట్టండి. నేను ప్రతి పిల్లకూ ఒక చిన్న కార్డు ఇచ్చాను. దాని మీద పేరు ఉండదు, ఒక నంబరు మాత్రం ఉంటుంది. నిద్ర, నెలసరి రోజు, మాత్ర, చర్మం, నాలుగు గళ్లు. పిల్లలే నింపి డబ్బాలో వేస్తారు. మూడో వారానికే మా పిల్లల్లో ఇద్దరు నెలసరి మాసాల తరబడి రావడం లేదని రాశారు. మాటల్లో అయితే ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఇద్దరినీ వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాము.

చెన్నై శిక్షకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. అమ్మా, మీరు చెప్పినట్టే మా దగ్గర శిక్షణ పొందుతూ ఇప్పుడు బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చదువుతున్న అమ్మాయిని ఇద్దరితోనూ మాట్లాడమని కోరాను. ఆమె తెచ్చిన వివరాలు ఇక్కడ రాస్తున్నాను, వాళ్లిద్దరి అనుమతితోనే.

మదనపల్లె అమ్మాయికి వీపంతా, భుజాల మీద, రొమ్ము కింది భాగంలో చెమటకాయలు. వారం రోజులకు పైగా ఉన్నాయట. అంటే సాధన మొదలైన మొదటి వారం చివరిలో వచ్చాయన్నమాట. మంట తట్టుకోలేక రెండు పూటలా పౌడరు దట్టంగా అద్దుకుని, దాని మీద ఒంటికి అతుక్కునే సింథటిక్ బనియను వేసుకుని వస్తోంది. దురదకు హాస్టల్ దగ్గర మందుల షాపులో ఇచ్చిన మాత్ర కూడా రాత్రిళ్లు వేసుకుంటోందట. డాక్టరు గారు అడిగిన ప్రశ్న గుర్తుపెట్టుకుని నిన్న ఉదయం ఐదున్నర చల్లదనంలో ఇరవై నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తించి, బనియను మార్చుకున్న తరువాత చూడమన్నాను. కాలరు, చేతుల అంచులు పిండితే నీళ్లు కారేలా తడిశాయి. వీపు భాగం మాత్రం అరచేతి వెడల్పున పొడిగా ఉందని ఆ పెద్ద అమ్మాయి చెప్పింది. పదకొండేళ్లుగా ముఖాలు చూసి చెమట అంచనా వేస్తున్న నాకు బనియను వెనక్కి తిప్పి చూడాలన్న ఆలోచన రాలేదు.

నెలసరి విషయంలోనూ మీ అనుమానం నిజమే. రెండో వారం ఆమెకు మలి సగంలోనే పడింది.

ఇద్దరి ఇళ్ల సంగతి కూడా తెలిసింది. పెరంబూరు అమ్మాయి వాళ్లమ్మకు టిఫిను బండి ఉంది. ఈ పిల్ల రోజూ తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడింటిదాకా ఇడ్లీ పాత్రల ఆవిరి ముందు నిలబడి, అక్కడి నుంచి నేరుగా మైదానానికి వస్తుంది. నేను నా 45 నిమిషాలే లెక్కపెట్టాను, ఆమె శరీరం అప్పటికే రెండున్నర గంటల లెక్క రాసుకుని వస్తోంది. మదనపల్లె అమ్మాయి హాస్టల్ గదిలో ఏసీ 20 డిగ్రీలకు పెట్టుకుని పడుకుంటుంది. ఇప్పుడు ఆ ఏసీ మానిపించాలా?

క్రీడా వైద్యుడు, బెంగళూరు

ఏసీ మానిపించకండి. ఇప్పుడు ఆ చెమటకాయలకు మందు ఆ చల్లటి గదే.

చెమటకాయలంటే మన ఇళ్లల్లో వేసవికాలపు చికాకుగానే చూస్తాం, పౌడరు అద్ది ఊరుకుంటాం. వేడిలో శ్రమించే మనిషి విషయంలో అది అంతకంటే పెద్ద సంగతి. చెమట గ్రంథి నాళం చర్మంలోనే మూసుకుపోవడం వల్ల అవి వస్తాయి, ఆ చోట చెమట పైకి రాదు. మొండెం మీద చర్మం పెద్ద విస్తీర్ణం కనుక అక్కడ చెమట ఆగితే శరీరం నుదుటి మీదా ముఖం మీదా ఎక్కువ చెమట పోసి సరిచేయాలని చూస్తుంది. మీరు చూసిన ధారలు అవే అయి ఉంటాయని నా నమ్మకం. దీని మీద పరిశోధించినవారు గమనించిన మరో విషయం మీ తేదీలకు సూటిగా సంబంధించినది: చర్మం చూడటానికి మామూలుగా అయిపోయిన తరువాత కూడా మూడు వారాలదాకా ఆ మనిషికి వేడిని తట్టుకునే శక్తి తగ్గి ఉండవచ్చు. మచ్చ మాసినంత మాత్రాన గ్రంథి కోలుకున్నట్టు కాదు.

ఒంటి మీద చెమట దారి మూసేస్తే ఏమవుతుందో పరుగు చరిత్రలో ఒక విషాదం ఉంది. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్ మారథానులో పోర్చుగల్‌కు చెందిన ఫ్రాన్సిస్కో లాజరో దాదాపు 30వ కిలోమీటరు దగ్గర కూలిపోయి, మరునాడు చనిపోయాడు. ఎండకు చర్మం కమలకుండా ఉండటానికి అతడు ఒంటికి మైనం లాంటి పూత పూసుకున్నాడని, దానివల్ల చెమట ఆరలేదని చెబుతారు. ఇది భయపెట్టడానికి రాయడం లేదు. పరుగుకు ముందు ఒంటికి దట్టంగా ఏదైనా పూసుకునే అలవాటు మీ పిల్లలందరిలో మాన్పించడానికి ఈ కథ పనికొస్తుంది.

కాబట్టి ఆ అమ్మాయికి పౌడరు, నూనె, ఒంటిని పట్టే బనియను ఆపించండి. వదులుగా ఉండే పలుచటి నూలు బట్ట, రోజుకు రెండుసార్లు చన్నీటి స్నానం, స్నానం తరువాత చర్మం ఆరేదాకా ఫ్యాను కింద కూర్చోవడం, దురదకు క్యాలమైన్ లోషన్ సరిపోతాయి. తగ్గకపోయినా చీము పట్టినా చర్మ వైద్యులకు చూపించాలి. రాత్రి మాత్ర ఏమిటో దాని అట్ట చూపించి డాక్టరునే అడగండి, షాపు మాట మీద కొనసాగించవద్దు. సాధన ఐదున్నరకు మార్చండి. రోజుకు గంటన్నర, రెండు గంటలు వేడిలో శ్రమ ఉంటే మిగిలిన సమయం చల్లటి గదిలో గడిపినా అలవాటుకు పెద్ద లోటు రాదు కనుక, తరువాత కూడా ఏసీ గురించి మీరు బెంగపడనవసరం లేదు. మంచి నిద్ర అంతకంటే విలువైనది. 20 డిగ్రీలను 25, 26కు పెంచుకుంటే చాలు.

మే చివరి పోటీ సంగతి. చర్మం మామూలు కావడానికి వారం, ఆ పైన మూడు వారాలు అనుకుంటే పోటీ తేదీ సరిగ్గా అంచు మీద పడుతుంది. నేనైతే ఆ పోటీకి పంపను. ఇది శిక్షకుడిగా మీరు తీసుకోవలసిన నిర్ణయమే అయినా, నా అభిప్రాయం దాచుకోదలచుకోలేదు. అత్యుత్తమ శిక్షణ ఉన్నవారికే వేడి తేమలలో ఏం జరుగుతుందో 2019లో దోహా ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో చూశాం. ఎండ తప్పించాలని మహిళల మారథాను అర్ధరాత్రి మొదలుపెట్టినా, బయలుదేరిన 68 మందిలో 40 మందే ముగించగలిగారు.

చర్మం పూర్తిగా కోలుకున్నాక మళ్లీ మొదటి నుంచి ప్రారంభించండి, ఈసారి గుండె వేగం లెక్కన. మొదటి పరీక్ష, చివరి పరీక్ష నెలసరి చక్రంలో ఒకే దశలో పడేలా చూసుకోండి. లేకపోతే ఉపాధ్యాయిని గారు చెప్పినట్టు వేడికి వచ్చిన మార్పు ఏదో, చక్రం వల్ల వచ్చిన మార్పు ఏదో విడదీయలేరు.

చివరిగా ఒక సామాను. మైదానంలో ఒక మనిషి పట్టేంత టబ్బు, ఐసు, నీళ్లు ఉంచండి. ఎవరైనా తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ పడిపోతే ఆసుపత్రికి పరుగెత్తడానికి ముందు, మెడ దాకా ఐసు నీటిలో ముంచి ఒళ్లు చల్లబరచాలి, అంబులెన్సుకు మరొకరు ఫోను చేయాలి. అమెరికాలోని ఫాల్మత్ రోడ్ రేసులో 18 ఏళ్లలో 274 మంది వడదెబ్బ బాధితులను ఇలా అక్కడికక్కడే ముంచి చల్లబరిచారు, ఒక్కరు కూడా చనిపోలేదు. నిమిషాలు చాలా ముఖ్యం.

చెన్నై శిక్షకుడు

నిన్న సాయంత్రం ఆ అమ్మాయితో, వాళ్ల నాన్నగారితో ఫోనులో కలిపి మాట్లాడాను. మే పోటీకి ఆమె పేరు ఇవ్వడం లేదు. ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది, తరువాత "నాకు ఎండ పడదని కాదు కదా సార్?" అని రెండుసార్లు అడిగింది. ఐదో రోజు అంకె చూపించి కాదని చెప్పాను. నోటు పుస్తకంలో ఆ పేజీని ఫొటో తీసుకుంది. జట్టులోంచి తీసేయమన్న మా తోటి శిక్షకులకు కూడా అదే పేజీ, ఈ జవాబులూ చదివి వినిపించాను. తన దగ్గర పరిగెత్తే పిల్లల బనియన్లు చూస్తానని ఆయన అన్నారు. మర్నాడే ఒక అబ్బాయి వీపు మీద చెమటకాయలు కనిపించాయని కబురు పెట్టారు.

పిల్లలందరికీ నాలుగు గళ్ల కార్డులు కొట్టించాను. తూకం కూడా ఒకటి కొన్నాం. పెరంబూరు అమ్మాయి మొన్న 45 నిమిషాల్లో 600 గ్రాములే తగ్గింది, గుండె వేగం 155 దగ్గర పట్టి ఉంచితే, ఈ కొత్త పద్ధతి మొదలుపెట్టిన రోజు కంటే అర కిలోమీటరు ఎక్కువ దూరం వెళ్లింది. టబ్బుకు నీళ్ల డ్రమ్ములు అమ్మే ఆయన అడ్డంగా కోసిన పెద్ద డ్రమ్ము ఒకటి ఇచ్చారు. వేడి సాధన ఉన్న రోజుల్లో కాశిమేడు చేపల రేవు నుంచి ఐసు దిమ్మలు తెచ్చి పెట్టడానికి, ఆటో నడిపే ఒక పిల్లవాడి తండ్రి ఒప్పుకున్నారు. దిమ్మను పగలగొట్టి ఏడున్నరకల్లా డ్రమ్ములో వేస్తే సాధన ముగిసేదాకా నిలుస్తుందో లేదో రేపు చూస్తాం.